పూచీకి వెల ఎంత?



మన ఇళ్లలోనికి ఈనాడు యంత్రములు చాలా వచ్చినవి. బళ్లారిలోనైనా, బరంపురములోనైనా, షోలాపురములోనైనా, చెన్నైలోనైనా, యానాములోనైనా ఫ్రిజ్, మిక్సీ, టీవీ లేని ఇల్లు మన సంఘములలో అరుదు. వీటిని కొనేటప్పుడు, ధర కుదిరి, డబ్బు చేతికి తీసిన తరువాత, కౌంటరు దగ్గర ఒక మాట తప్పక వినబడుతుంది: "ఇంకో రెండు వేలు కట్టండి, మూడేళ్ల వరకు మీకు ఏ భయమూ ఉండదు." దీనినే ఎక్స్‌టెండెడ్ వారంటీ అంటారు. దీనిని తీసికొనవలెనా, వద్దా అని గృహిణులు, పెన్షను మీద బ్రతికే పెద్దలు మమ్మును అడుగుతూ ఉంటారు.

ఇది చిన్న విషయమే గదా, ఇంత వ్రాయుటకు ఇందులో ఏమున్నది అని కొందరికి తోచవచ్చును. కాని దీని వెనుక మూడు ప్రశ్నలు ఉన్నవి. రాబోయే నష్టమునకు ఎంతవరకు భయపడుట వివేకము? ఒకరి భయమును మరియొకరు ఆదాయముగా చేసికొనుట న్యాయమా? ఒక ఇంటి నష్టమును ఎవరెవరు మోయవలెను? రెండు వేల రూపాయల సంగతిలో వీటికి సరియైన జవాబు చెప్పగలిగితే, రెండు లక్షల సంగతిలోను చెప్పగలము.

పూచీ అనగా ఏమి?

వస్తువుతోపాటు వచ్చే మొదటి వారంటీ ఉచిత బహుమానము కాదు. దాని ఖర్చు వస్తువు ధరలోనే కలిసి ఉన్నది. "నేను చేసిన వస్తువు ఇంతకాలము సరిగా పని చేస్తుంది, చేయకపోతే బాధ్యత నాది" అని చేసినవాడు చెప్పే మాట అది. అమ్మిన సరుకు వాడుకకు తగినదిగా ఉండవలెననే నియమము మన దేశములో 1930 నాటి వస్తు విక్రయ చట్టములోనే ఉన్నది.

కొనే వారంటీ స్వభావము వేరు. అది వస్తువు మంచిదని చెప్పే మాట కాదు, వస్తువు చెడిపోవచ్చునని చెప్పే మాట. అరగంట సేపు ఫ్రిజ్‌ను పొగడిన నోటితోనే, బిల్లు వేసే సమయములో "ఏమో అమ్మా, ఈ రోజుల్లో దేనినీ నమ్మలేము" అనుట మనము విన్నదే. ఈ రెండు మాటలలో ఏది నిజము అని అడుగుట తప్పు కాదు. నిజమునకు ఈ రెండవ వారంటీ ఒక విధమైన బీమా. పలువురి దగ్గర కొంచెము కొంచెము వసూలు చేసి, చెడిపోయిన కొద్దిమందికి ఖర్చు పెట్టే ఏర్పాటు. బీమా అనునది మంచి ఏర్పాటే. అయితే ఏ నష్టమునకు బీమా చేయవలెను, దేనికి అక్కరలేదు అనునదే ప్రశ్న.

లెక్క ఏమంటున్నది?

బడిలో లాభనష్టముల లెక్కలు చెప్పిన అలవాటు చొప్పున ఒక లెక్క వేసి చూపుతాము. 30,000 రూపాయల ఫ్రిజ్ ఒకటి అనుకొందము. కంపెనీ వారంటీ ఒక ఏడాది. మరి రెండేళ్లకు అదనపు వారంటీ 2,500 రూపాయలు. ఆ రెండేళ్లలో ఒకసారి చెడితే బాగుచేయించుటకు 5,000 అవుతుందనుకొందము.

వంద ఇండ్లవారు ఈ వారంటీ కొంటే 2,50,000 రూపాయలు చేరుతుంది. మరమ్మతుకు 5,000 చొప్పున ఆ సొమ్ము 50 మరమ్మతులకు సరిపోతుంది. అంటే వంద ఫ్రిజ్‌లలో సగము మధ్యకాలములోనే చెడిపోతే గాని కొన్నవారికి కట్టినది గిట్టదు. అన్ని చెడిపోతే అమ్మినవారికి జీతములు ఎక్కడివి? షోరూము కమీషను ఎక్కడిది? 18 శాతము జీఎస్టీ ఎక్కడిది? లాభము ఎక్కడిది? కాబట్టి అంతకంటె చాలా తక్కువే చెడిపోతాయని అమ్మేవారు ముందే లెక్క కట్టుకొన్నారు. మనకు మాత్రము చెడిపోతుందనే చెబుతారు.

ఇంకొక సంగతి. "మూడేళ్ల వారంటీ" అని చెప్పినప్పుడు అందులో మొదటి ఏడాది కంపెనీ ముందే ఇచ్చినది. మనము కొంటున్నది రెండేళ్లే, ఆ రెండేళ్లు మొదలగుటకు ఏడాది ముందే డబ్బు కడుతున్నాము.

యంత్రముల ఆయుష్షును లెక్కగట్టే ఇంజనీర్లు ఒక గీత గీస్తారు. అది స్నానపు తొట్టెను పక్కనుండి చూచినట్లు ఉంటుంది: మొదట ఎత్తు, నడుమ పల్లము, చివర మరల ఎత్తు. తయారీలో లోపముంటే అది తొలి నెలలలోనే బయటపడుతుంది, అది కంపెనీ వారంటీ కాలము. అరుగుదల వలన వచ్చే జబ్బులు చాలా ఏళ్ల తరువాత వస్తాయి, అప్పటికి కొన్న వారంటీ కూడ తీరిపోయి ఉంటుంది. అన్ని యంత్రములు ఈ గీత ప్రకారమే నడుస్తాయని చెప్పలేము గాని, మనకు ఎక్కువగా అమ్మజూపేది నడుమనున్న పల్లపు కాలమునకే.

ఒకరికి తగినది మరియొకరికి తగదు

లెక్క ఒక్కటే చాలునా? చాలదు. సగటున నష్టమైనను బీమా కొనుట వివేకమైన సందర్భములు ఉన్నవి. దీనిని చక్కగా వివరించినవాడు స్విట్జర్లాండు గణిత శాస్త్రజ్ఞుడు డానియల్ బెర్నూలీ. 1738లో ప్రచురితమైన వ్యాసములో ఆయన ఒక వర్తకుని లెక్క చెప్పినాడు. ఆ వర్తకుడు ఆమ్‌స్టర్‌డామ్ నుండి పీటర్స్‌బర్గ్‌కు ఓడలో తెప్పించుకొనే సరుకు విలువ 10,000 రూబుళ్లు. ఆ కాలములో వంద ఓడలలో 5 మునిగిపోతాయి. బీమాకు 800 రూబుళ్లు అడుగుతున్నారు. సగటు నష్టము 500 మాత్రమే గనుక 800 ఎక్కువే. అయినను ఈ సరుకు గాక తన దగ్గర 5,043 రూబుళ్లకు తక్కువ ఆస్తి ఉన్నవాడు ఆ బీమా కొనుటే మేలని, అంతకు మించి ఉన్నవాడు మానుటే మేలని బెర్నూలీ లెక్క తేల్చినది.

అదే ఓడ, అదే సముద్రము, అదే వెల. మారినది ఓడ మునిగిన మరునాడు ఆ మనిషి దగ్గర మిగిలేది. కనుక మనము వేసికొనవలసిన ప్రశ్న "ఇది చెడిపోతుందా?" అనునది కాదు. "చెడిపోతే మేము నిలువగలమా?" అనునదే. ఇల్లు కాలిపోతే, ఇంటి యజమాని పోతే, పెద్ద ఆపరేషను వస్తే మనలో చాలామందిమి నిలువలేము. అటువంటి వాటికి బీమా అవసరము. మిక్సీ కాలితే ఒక నెల ఇబ్బంది పడి నిలువగలము. మోయగలిగిన బరువును మోయించుటకు కూలి ఇచ్చుట అక్కరలేదు. విచారకరమేమనగా, ఆరోగ్య బీమా లేని ఇంట్లో టీవీకి వారంటీ ఉండుట మనము చూస్తున్నాము. ఆసుపత్రి సంగతి ఎవరును కౌంటరు దగ్గర అడుగరు, టీవీ సంగతి అడుగుతారు. అడిగినదానికి భయపడి, అడుగనిదానిని మరచిపోవుట మనుష్య స్వభావము.

కాగితములో ఉన్నది, లేనిది

నోటిమాటగా "అన్నీ వస్తాయి" అంటారు. కాగితము చదివితే సాధారణముగా రానివి కనబడుతాయి: వోల్టేజి హెచ్చుతగ్గుల వలన కాలినవి, తుప్పు పట్టినవి, ఎలుకలు కొరికినవి, ప్లాస్టిక్, రబ్బరు, గాజు భాగములు. మన ఊళ్లలో యంత్రములు చెడిపోయేది ఎక్కువగా దేని వలన? యానాములో, చెన్నైలో, గోపాలపురము తీరములో ఉప్పుగాలికి ఏసీ బయటి భాగము తుప్పు పడుతుంది. బోరు నీళ్ల ఊళ్లలో వాషింగ్ మెషీనులో సున్నపు పొర కడుతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు ఎలక్ట్రానిక్ బోర్డు కాలుతుంది. అంటే మనకు ఎక్కువగా వచ్చే జబ్బులకే ఈ మందు తరచుగా పనికిరాదు.

మరల, ఫ్రిజ్ కంప్రెసరుకు, వాషింగ్ మెషీన్ మోటారుకు అనేక కంపెనీలు 10 ఏళ్ల వరకు తామే వారంటీ ఇస్తున్నవి. గ్యాసు నింపుటకు, మెకానిక్ కూలికి మాత్రము వేరుగా తీసికొంటారు. ముందే ఉన్న పూచీని తెలియక రెండవసారి కొనేవారు ఉన్నారు. కొన్ని ప్లానులలో వస్తువు పూర్తిగా పాడైతే కొన్న ధర ఇవ్వరు, ఏడాదికి ఇంత అని తరుగు తీసి ఇస్తారు. ఇంకను, ఆ మాట ఇచ్చినది వస్తువు చేసిన కంపెనీయా, షోరూమా, మూడవ సంస్థయా అని చూడవలెను. షోరూము మూతపడితే షోరూము మాట ఎవరు నిలుపుతారు?

ఈ కాగితము ఇంగ్లీషులో ఉంటుంది. ఫోను చేస్తే హిందీలోనో, ఆ రాష్ట్ర భాషలోనో మాటలాడుతారు. మూడు తరములుగా ఇక్కడ ఉన్న మన పెద్దలలో కన్నడము, తమిళము, మరాఠీ, ఒడియా మాటలాడగలిగి చదువలేనివారు ఎందరో. చదువలేని మాటకు డబ్బు కట్టుట ఎంత కష్టమో వారికే తెలియును.

రెండు కఠినమైన సందర్భములు

"మీరు చెప్పేది ఉన్నవారికి. లేనివారికి ఐదు వేలు ఒకేసారి ఎక్కడినుండి వస్తుంది? వారికైనా వారంటీ మంచిది గదా?" అని అడుగవచ్చును. బెర్నూలీ లెక్క ప్రకారము ఇది బలమైన ప్రశ్న. తప్పించుకొనకుండ జవాబు చెప్పవలెను.

మా సంఘములో ఇడ్లీ పిండి రుబ్బి అమ్ముకొని బ్రతికే ఒక సహోదరి ఉన్నారు. ఫ్రిజ్‌ను వాయిదాల మీద కొన్నారు. వారంటీ 2,400 రూపాయలు వాయిదాలలోనే కలిపినారు. రెండవ ఏట ఫ్రిజ్ చల్లబడుట మానినది. వచ్చిన మెకానిక్ లోపలి పిండి గిన్నెలు చూచి, "వ్యాపార వినియోగము" అని కాగితము మీద వ్రాసి వెళ్లిపోయినాడు. గృహ వినియోగమునకు మాత్రమే వారంటీ అని ఆ ప్లానులో ఒక వరుస ఉన్నది. మరమ్మతుకు 4,800 అప్పు చేయవలసి వచ్చినది. అయితే ఆ మూడు రోజులు ఆమె పిండి పులిసిపోలేదు. వీధిలోని స్త్రీలు తలా ఒక గిన్నె తీసికొని తమ ఫ్రిజ్‌లలో పెట్టుకొన్నారు.

ఆమెను నిందించుట న్యాయము కాదు. ఆమె ముందుచూపుతోనే కొన్నది. కాని ఎవరికి ఆ యంత్రమే జీవనాధారమో, ఎవరికి ఆ పూచీ అందరికంటె అవసరమో, వారినే ఆ కాగితము బయట నిలబెట్టినది. లేనివారికి పూచీ అవసరమనుట నిజమే. అందుచేత అది కౌంటరు దగ్గర అమ్మే పూచీయే కావలెనని లేదు.

రెండవ సందర్భము ఒంటరిగా ఉండే వృద్ధులది. పిల్లలు దూర దేశములలో ఉన్నారు, మోకాళ్ల నొప్పి, నమ్మదగిన మెకానిక్ తెలియదు. వీరు వారంటీ కొంటే వారు కొనేది మరమ్మతును కాదు, పిలిస్తే పలికే మనిషిని. దానికి రెండు వేలు ఎక్కువ అని మేము చెప్పము. స్థోమత ఉండి, ఆ ఊళ్లో సర్వీసు నిజముగా ఉంటే వారు తీసికొనుటలో అవివేకము లేదు. అయితే పక్క వీధిలో మన యౌవనస్థులు ఉండగా, మన పెద్దలు పలికే మనిషిని డబ్బిచ్చి కొనుక్కొనవలసి వచ్చుట మనము ఆలోచించవలసిన విషయము.

భయమును అమ్మవచ్చునా?

మనము ఇందులో కొనేవారమే కాదు, అమ్మేవారము కూడ. మన యౌవనస్థులు ఈ షోరూములలో ఉద్యోగము చేస్తున్నారు. నెలకు ఇన్ని వారంటీలు అమ్మవలెనని టార్గెట్ పెడతారు. "అబద్ధము చెప్పకపోతే ఉద్యోగము నిలువదు, ఏమి చేయమంటారు?" అని వారు అడిగితే, మానివేయుమని సులువుగా చెప్పుట తగదు. ఆ జీతము మీద ఇల్లు నడుస్తున్నది.

భయమును జ్ఞాపకము చేయుట వేరు, భయమును పుట్టించుట వేరు. రోడ్డు మలుపులో ప్రమాద సూచిక పెట్టినవాడు మొదటి పని చేస్తాడు. లేని ప్రమాదమును చెప్పి దారి మళ్లించేవాడు రెండవ పని చేస్తాడు. అమ్మే కుర్రవాడు మూడు సంగతులు చెప్పితే అతని మనస్సాక్షికి మచ్చ ఉండదని మా అభిప్రాయము: ఇది తప్పనిసరి కాదు, దీని వెల విడిగా ఇంత, ఇందులో రానివి ఇవి. అడుగకుండ బిల్లులో కలుపుట మాత్రము ఏ టార్గెట్ వలనను న్యాయము కాదు.

ఇది మా చాదస్తము కాదు. బ్రిటనులో 2003లో అక్కడి పోటీ కమిషను ఈ వ్యాపారమును విచారించినది. 2005 నుండి అక్కడి దుకాణదారు వస్తువు ధరతోపాటు వారంటీ ధరను కూడ ముందే చూపవలెను. కొన్నవారు ఈలోగా మరమ్మతు కోరకుండ 45 రోజులలోపు రద్దు చేసికొంటే సొమ్మంతయు తిరిగి ఇవ్వవలెను. మన దేశములోను 2023 నవంబరులో వచ్చిన మార్గదర్శకములు, ఆన్‌లైన్ కొనుగోలులో అడుగకుండ బుట్టలో వేరొకటి చేర్చుటను, వద్దన్నవారికి సిగ్గు కలిగేలా మాటలు వ్రాయుటను తప్పుగా ఎంచినవి. వద్దని చెప్పినవారిని పిసినారిగా, పిల్లల మీద ప్రేమ లేనివారిగా చూచుట ఆన్‌లైన్‌లో తప్పయితే, కౌంటరు దగ్గర ఒప్పు ఎట్లగును?

మనము ఏమి చేయవచ్చును?

మొదటిది. వారంటీకి వద్దన్న డబ్బును ఖర్చు చేయక, విడిగా పెట్టవలెను. నాలుగు వస్తువులకు 2,000 చొప్పున 8,000 రూపాయలు పోస్టాఫీసులోనో, బ్యాంకులోనో మరమ్మతుల డబ్బుగా ఉంటే, అది ఎలుక కొరికినా వస్తుంది, తుప్పు పట్టినా వస్తుంది, ఆరవ ఏట చెడినా వస్తుంది. చెడకపోతే మన డబ్బు మన దగ్గరే. విడిగా పెట్టకుండ "వద్దు" అని చెప్పుట మాత్రము వివేకము కాదు, అది సగము పనియే.

రెండవది. విడిగా పెట్టుటకు లేనివారి కొరకు సంఘమే పూనుకొనవచ్చును. ముప్పది కుటుంబములు నెలకు 50 రూపాయలు వేసికొంటే ఏడాదికి 18,000 అవుతుంది. మూడు నాలుగు మరమ్మతులకు వడ్డీ లేని చేబదులుగా ఇచ్చి, వాయిదాలలో తిరిగి తీసికొనవచ్చును. ఇద్దరి సంతకము లేనిదే డబ్బు కదలకూడదు, లెక్క మూడు నెలలకొకసారి అందరి ముందు చదువవలెను. పిండి గిన్నెలు ఇంటికొకటి పెట్టుకొన్న ఆ వీధి స్త్రీలు చేసినది కాగితము లేని బీమాయే. దానికి మనము ఒక పుస్తకము, ఒక లెక్క చేర్చుతాము, అంతే.

మూడవది. కొనవలసి వస్తే కొనుటకు ముందు అడుగవలసినవి: వెల ఎంత, ఎప్పటినుండి మొదలు, ఏవి రావు, తరుగు తీస్తారా, మన ఊళ్లో ఎవరు వచ్చి బాగుచేస్తారు, ఊరు మారితే చెల్లునా. జవాబు కాగితము మీద చూపలేకపోతే మానుకొనవలెను. బిల్లు, వారంటీ కార్డు ఒకే కవరులో దాచుకొనవలెను.

నాలుగవది. అన్యాయము జరిగితే ఊరకుండకూడదు. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టము స్థానములో 2019 చట్టము 2020 జూలై 20 నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము రెండేళ్లలోపు, వస్తువు ఎక్కడ కొన్నను, మనము నివసించే జిల్లా కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన వెల 5 లక్షల వరకు ఉంటే ఫీజు లేదు, వకీలు ఉండితీరవలెనను నియమము లేదు. అంతకు ముందు 1915 నంబరుకు ఫోను చేసి సహాయము అడుగవచ్చును.

మా మాట సంగ్రహముగా ఇది. మన ఇంటివారు మోయగలిగిన నష్టమును మనమే మోయుదము, మోయలేని పెద్ద నష్టమునకు తగిన బీమా చేయుదము, పొరుగువారు మోయలేని చిన్న నష్టమును కలిసి మోయుదము. ఈ లెక్కలో కౌంటరు దగ్గరి వారంటీకి చోటు తక్కువే గాని, బొత్తిగా లేకపోలేదు. తీసికొన్నను, మానినను, భయముతో గాక కాగితము చదివి నిర్ణయించుకొందము. చదువలేనివారికి చదివి వినిపించుట మనలో చదువుకొన్నవారి పని. ఆ పనికి ఎవరును రెండు వేలు అడుగరు.